నలభై రెండో రాయి

మొన్న చిట్యాలలో బస్సు దిగి, చాయ్ తాగుదామని రోడ్డు పక్క హోటల్లో కూర్చున్నాను. వెనక పెరట్లో ఒకామె బట్టలు ఉతుకుతున్నది. ఆమె బట్టలు బాదుతున్న రాయిని చూసి నేను గ్లాసు పట్టుకుని అట్లాగే లేచి నిలబడ్డాను. అది మైలురాయి. తల గుండ్రంగా ఉంది, సున్నం రాలిపోయింది, అంకె సగం అరిగిపోయింది. ఈ మధ్య రోడ్ల మీద మైళ్ళు పోయి కిలోమీటర్లు వచ్చాయి కదా. పీకేసిన పాత రాళ్ళను ఎవరికి అందింది వాళ్ళు ఎత్తుకుపోయారు. హోటలాయన కూడా ఒకటి తెచ్చి మంచి జాగా చూసి వేసుకున్నాడు. ఆయన తప్పేమీ లేదు. అయినా ఆ రాయి మీద సబ్బు నురగ చూస్తే నాకు ఒళ్ళు మండింది.

ఆ రాళ్ళను ఒకాయన పరిగెత్తుతూ వచ్చి అరచేత్తో తట్టి పోయేవాడు. ఒక్కటి కూడా తట్టకుండా పోలేదు. ఆయన చనిపోయి ఏడాది కావస్తున్నది.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకసారి కాగితం మీద ఆయన పేరు పక్కన నేను రాసిన మాట చేసిన నష్టం చాలు. మా ఊళ్ళో అందరూ ఆయనను టప్పాయన అనేవారు. మావైపు తపాలాను టప్పా అనడం నిజాం కాలం నుంచి అలవాటు. గొర్ల కాపరుల ఇంట్లో పుట్టి, తపాలా సంచి మోసే పనిలో చేరాడు. చిట్యాలలో బస్సు దింపిన సంచిని భుజాన వేసుకుని, గజ్జెలు కట్టిన కర్ర పట్టుకుని, మా ఊరికి ఎనిమిది మైళ్ళు పరుగున వచ్చేవాడు. నేను ఆ ఊరి బడిపంతుల్ని. పోస్టాఫీసు పని కూడా నా నెత్తినే ఉండేది. బడి పక్క గదిలో ఒక బల్ల, ఒక ముద్ర, ఒక తాళం, అంతే ఆఫీసు.

ఆయన కూర్చోవడం నేను చూడలేదు. సంచి బల్ల మీద పెట్టి, నేను ఉత్తరాలు వేరు చేస్తున్నంతసేపూ ఉన్నచోటనే కాళ్ళు మార్చుకుంటూ నిలబడేవాడు. గజ్జెలు మోగుతూనే ఉండేవి. "కూర్చో అన్నా" అంటే, "నేను కూసుంటె ఉత్తరాలు కూసుంటయి సారూ" అనేవాడు. అన్నం కూడా నిలబడే తింటాడని ఆయన భార్య చెప్పేది. "పెండ్లి నాడు పీటల మీద కూసున్నడు. గదే ఆఖరు" అని ఆమె పరాచికం.

మెట్లబావుల నీళ్ళు తాగిన మా ఊళ్ళలో నారి పురుగు లేవని ఇల్లు ఉండేది కాదు. కాలిలో దారంలాగా పుండులోంచి బయటికి వస్తుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత జాగ్రత్తగా లాగాలి. తెగిందా, లోపల చీము పడుతుంది. అందుకని నారి లేచినవాడు కదలకుండా పడుకుంటాడు. ఈయన ఎడమ మోకాలి కింద నారి లేచింది. మూడు రోజులు పుల్ల చుట్టుకుని ఇంట్లో ఉన్నాడు. నాలుగో రోజు, చిట్యాలలో సంచి పడి ఉందని ఎవరో చెప్తే, పుల్ల మీద గుడ్డ కట్టుకుని ఉరికాడు. సంచి వచ్చింది. నారి మధ్యలోనే తెగిపోయింది.

ఆ కాలు ఏడు నెలలు ఆయనను మంచాన పడేసింది. చీము పోయింది గాని మోకాలు పూర్తిగా వంగడం మానేసింది. పై ఆఫీసు వాళ్ళు దవాఖాన కాగితంతో పాటు నా రిపోర్టు కూడా అడిగారు. నేను ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాశాను. పరుగు పనికి ఈయన అన్‌ఫిట్ అన్నది అందులో మూడో వాక్యం. అబద్ధం కాదు. అప్పుడు కర్ర పట్టుకుని గడప దాటడమే ఆయనకు కష్టంగా ఉండేది. కాని ఆయన "ఏం రాసినవ్ సారూ?" అని అడిగినప్పుడు నేను కళ్ళు దించుకుని, "కొంచెం రెస్టు కావాలని రాసిన" అన్నాను. అదీ నా నిర్వాకం.

నెల తిరగకుండానే సంచి పని ఇంకొకరికి పోయింది. అతను సైకిలు మీద తెచ్చేవాడు. అసలు మాట ఏమిటో ఈయనకు బస్సు కండక్టరు విప్పి చెప్పాడట. నన్ను ఒక్క మాట అనలేదు. కాని ఆనాటి నుంచి ఆ మాటను నోట్లో నుంచి దించలేదు. పులిసిపోయిన మజ్జిగ అన్‌ఫీటు. గాలి దిగిన సైకిలు అన్‌ఫీటు. కరణంగారి చిల్లుల గొడుగు అన్‌ఫీటు. బడి గంట పగిలి సరిగ్గా మోగకపోతే, దారిన పోతూ తొంగిచూసి, "సారూ, నీ గంట అన్‌ఫీటయింది, రిపోర్టు రాయి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టే ఉంది.

ఏడాది పాటు ఆయన ఏమీ చేయలేదు. కల్లు మండువ దగ్గర గోడకు ఆనుకుని నిలబడేవాడు. పొట్ట వచ్చింది. పరిగెత్తే మనిషికి పొట్ట వస్తే ఎంత విచిత్రంగా ఉంటుందో చూడాలి. ఆయన కూడా దాన్ని ఎవరో తన మీద మోపిన మూటలాగా కోపంగా చూసుకునేవాడు.

అట్లాంటి రోజుల్లో, వానాకాలం వెళ్ళిపోతుండగా, ఆఫీసు గోడకు అంటించమని ఒక నోటీసు వచ్చింది. జిల్లాలో మొదటిసారి మారథాన్ పరుగు పెడుతున్నారు. మాఘమాసంలో. నల్లగొండలో మొదలుపెట్టి, చిట్యాల మీదుగా భువనగిరి తోవలో సాగుతుంది. ఎవరైనా పాల్గొనవచ్చు. పూర్తిచేసిన ప్రతి ఒక్కరికీ ముద్ర వేసిన కాగితం ఇస్తారు.

"ఎంత దూరం సారూ?" అని అడిగాడు.

"నలభై రెండు" అని చదివాను. దాని పక్కన కి.మీ. అని ఉంది. ఆ కొత్త కొలతలు అప్పుడప్పుడే బడి పుస్తకాల్లోకి వస్తున్నాయి. నాకూ నోరు తిరగక ఆ రెండక్షరాలు మింగేశాను. మా ఊరి దగ్గర ఎవరైనా దూరం అడిగితే రాళ్ళలోనే చెప్తాం. ఒక రాయి అంటే ఒక మైలు. నలభై రెండు అంటే ఆయనకు నలభై రెండు రాళ్ళు.

"గా కాయితం తెస్తె, నువ్వు రాసిన మాట పోతదా?"

"పోతుంది. ఆ కాగితం జతచేసి పై ఆఫీసుకు నేనే రాస్తాను. అంత దూరం పరిగెత్తినవాణ్ణి అన్‌ఫిట్ అని ఎవడంటాడు?"

"నువ్వన్నవు కద" అన్నాడు. అని, ఆ గదిలో ఉన్నచోటనే మళ్ళీ కాళ్ళు మార్చుకోవడం మొదలుపెట్టాడు. చాలా నెలలైంది ఆ చప్పుడు విని. కర్ర లేదు, గజ్జెలు లేవు. ఒక కాలు తపుక్కున పడేది, రెండోది జారుతూ వచ్చేది.

మొట్టమొదట కల్లు మానేశాడు. మా ఊళ్ళో మగవాడు కల్లు మానితే ఇంట్లో ఎవరికి బాగాలేదని అడుగుతారు. ఆయన భార్యను అట్లాగే అడిగారు. "కాలుకే బాగలేదు. మాట్లాడి మంచిగ జేస్తుండు" అని ఆమె జవాబు. నిజంగానే ఆయన ఆ కాలితో మాట్లాడేవాడు. మొండికేసిన ఎద్దును బతిమిలాడినట్టు, "నడువ్ బిడ్డా, జర నడువ్. ఏడు నెలలు పండవెట్టి సాదిన నిన్ను" అనేవాడు. మాట వినకపోతే తిట్టేవాడు. ఆ తిట్లు ఇక్కడ రాయదగినవి కావు.

మొదటి వారం ఒక రాయి దాకా పోయి తిరిగి వచ్చాడు. తర్వాత రెండు. పాత తపాలా సంచి బరువు ఒళ్ళు మరిచిపోయిందని, ఒక గోనెసంచిలో ఇసుక పోసి భుజాన వేసుకున్నాడు. తెల్లారుతుండగా జొన్నగటక తాగి బయలుదేరేవాడు. నడుముకు కుడివైపు ధోతి మడతలో చింతగింజలు పోసుకునేవాడు. ఒక్కో రాయి తట్టగానే ఒక గింజ తీసి ఎడమవైపు మడతలో వేసుకోవడం ఆయన పద్ధతి. ఆయనకు అంకెలు చదవడం రాదు. కాని లెక్క ఎన్నడూ తప్పలేదు.

కల్లు మండువ దగ్గర పాత స్నేహితులు అరిచేవారు. "ఎవడు తరుముతుండు ర నిన్ను?"

"ఎవడన్న తరిమితె ఎప్పుడో ఆగుదును" అనేవాడు ఆగకుండానే.

మారథాన్ అన్న మాట ఊళ్ళో ఎవరికీ నోరు తిరగలేదు. మారుతి పందెం అన్నారు. ఆంజనేయుని పేరు మీద పెట్టిన పందెమే అని నమ్మి, ఆయన భార్య శనివారాలు కొబ్బరికాయ కొట్టడం మొదలుపెట్టింది. నేను దిద్దబోతే, "మరి ఉరికెటోని దేవుడు ఆయన గాక ఇంకెవలు?" అంది. సరే అనుకున్నాను.

పొట్ట పోయింది. మెడ నరాలు మళ్ళీ కనిపించాయి. మోకాలు మాత్రం వంగలేదు. ఆ వంగని కాలిని పక్కనుంచి తిప్పి వేసే ఒక కొత్త నడక ఆయనే కనిపెట్టాడు. చూడటానికి బాగుండదు. దాంతోనే గొర్ల మందను దాటిపోయేవాడు. ఒకటే చిక్కు. మధ్యలో నిలబడితే ఆ మోకాలు బిగుసుకుపోయి మళ్ళీ కదలనిచ్చేది కాదు. అందుకే నీళ్ళు కూడా పరిగెత్తుతూనే తాగేవాడు.

పుష్యమాసంలో ఒక మధ్యాహ్నం చెమటలు కారుతూ వచ్చి, "ముప్పై అయినయ్ సారూ. ఇంక పన్నెండు" అన్నాడు.

"ముప్పై మైళ్ళా?" అన్నాను.  అప్పుడు గాని నేను మింగేసిన ఆ రెండక్షరాలు నాకు గుర్తు రాలేదు. సుద్దముక్క తీసుకుని బల్ల మీద గీసి చూపించాను. ఎనిమిది కిలోమీటర్లయితే అయిదు మైళ్ళు. నలభై రెండు కిలోమీటర్లంటే ఇరవై ఆరు మైళ్ళు. "నువ్వు ఎప్పుడో దాటిపోయినవ్ అన్నా! ఇంక నీకు భయం లేదు" అని సంతోషంగా చెప్పాను.

ఆయన కాళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ ఉరకడం మొదలుపెట్టాక అవి అట్లా ఆగడం నేను చూసింది అదే మొదలు.

"ఎవలు తగ్గిచ్చిండ్రు?" అన్నాడు.

"ఎవరూ తగ్గించలేదు. కొలత వేరు."

"కుంటోడు వస్తుండని తగ్గిచ్చిండ్రు."

"నీ ఒక్కడి కోసం జిల్లా అంతటికీ తగ్గిస్తారా?"

"నోటీసుల ఎంత ఉన్నది?"

"నలభై రెండు. కాని..."

"సారూ, ఎన్కట నీ మాట ఒకపారి నమ్మిన. జర రెస్టు గావాలె అని రాసిన అన్నవు. రెస్టంటె అన్‌ఫీటని నాకు కండక్టరు చెప్పిండు. ఇయ్యాల నలభై రెండంటె ఇరవై ఆరు అంటున్నవు. నీ కాయితాలల్ల అంకెలు గూడ అటిటు అయితయి. నాకు రాళ్ళెరుక. అవి ఎవలు జెప్పినా జరుగవు. తగ్గిచ్చి ఇచ్చేది నాకద్దు."

బల్ల మీది సుద్దలెక్కను అరచేత్తో తుడిచేశాను. 

పరుగు రోజున నల్లగొండకు నేనూ పోయాను. కిరాయి సైకిలు తీసుకుని వెనక వెళ్ళాలని నా ఆలోచన. పట్నం పిల్లగాళ్ళు తెల్ల నిక్కర్లు, కాన్వాసు బూట్లు వేసుకుని వచ్చారు. ఈయన మోకాళ్ళ పైకి కట్టిన ధోతి, వట్టి కాళ్ళు. నంబరు గుడ్డ వీపుకు కుట్టిన మనిషి ఆయన కాలు చూసి, "ఇది ఆషామాషీ కాదు, మధ్యలో లారీ వస్తుంది, ఎక్కెయ్" అన్నాడు. "లారీ అన్‌ఫీటయితదేమో చూసుకోండ్రి" అన్నాడు ఈయన.

తెల్లవారగానే మొదలైంది. మొదటి రాయి దగ్గరికే అందరూ ఈయనను దాటిపోయారు. ఆయన వాళ్ళను చూడను కూడా లేదు. రాయిని తట్టాడు, గింజ మార్చాడు. నేను పక్కనే సైకిలు తొక్కుతూ ఉన్నాను. పది రాళ్ళయ్యాక నిక్కర్లు ఒక్కొక్కటి రోడ్డు పక్కన కూర్చుని కనిపించాయి. కొందరు లారీ ఎక్కారు. చిట్యాలలో జనం రోడ్డుకు అటూ ఇటూ నిలబడి ఉన్నారు. మా ఊరి కల్లు మండువ అంతా అక్కడే ఉంది. ఈసారి ఎవరు తరుముతున్నారని ఎవరూ అడగలేదు. ఆయన భార్య మజ్జిగ చెంబు పట్టుకుని పక్కనే నాలుగడుగులు పరిగెత్తి తాగించింది.

చిట్యాల దాటి భువనగిరి తోవ పట్టాక, అయిదారు మైళ్ళకు ముగింపు. రెండు గుంజలకు కట్టిన తాడు ఎప్పుడో తెగిపోయి కింద పడి ఉంది. ముందొచ్చినవాళ్ళు చెట్ల కింద కాళ్ళు చాపుకుని ఉన్నారు. ఒక పెద్దమనిషి బల్ల మీద రిజిస్టరు పెట్టుకుని, గొడుగు కింద కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేచి, "వచ్చెయ్, వచ్చెయ్! అయిపోయింది. ఇక్కడ వేలిముద్ర వెయ్యి, కాగితం తీసుకో" అని పిలిచాడు. నిజంగా మంచి మనిషి. ఈయన కోసమే అంతసేపు కూర్చున్నాడు.

ఈయన ఆగలేదు. కుడివైపు ధోతి మడత తట్టి చూపించి, "ఇంక పదారున్నయ్" అన్నాడు.

"ఏం పదహారు? ఓయ్! వేలిముద్ర లేకపోతే లెక్కలోకి రాదు!"

నేను సైకిలు అడ్డంగా పెట్టాను. చేతులు జోడించాను. "అన్నా, ఒక్క నిమిషం. వేలు పెట్టి మళ్ళీ ఉరుకు. ఆ కాగితం లేకపోతే నీ పని రాదు. నేను రాసిన మాట పోదు. నీ కాళ్ళు మొక్కుతా."

నా సైకిలు పక్కనుంచి కాలు తిప్పుతూ దాటిపోయాడు. "నిలవడితె కాలు వట్టుకుంటది సారూ. ఉరుకుడు నలభై రెండు అన్నరు. నడిమిట్ల ముద్ర గొట్టిచ్చుకునెటందుకు నేను ఉత్తరాన్ని గాను."

రిజిస్టరులో ఆయన నంబరు ఎదురుగా 'పూర్తి చేయలేదు' అని రాశారు. నా కళ్ళ ముందే రాశారు. నేను సైకిలెక్కి ఆయన వెంట పడ్డాను.

ఆ పదహారు రాళ్ళు ఎట్లా గడిచాయో ఏం చెప్పను. చప్పట్లు లేవు, జనం లేరు. పొలాల్లో మనుషులు తలెత్తి చూసి, ఎవరో వెర్రివాడనుకుని మళ్ళీ పని చూసుకున్నారు. అరికాలు పగిలి రక్తం వచ్చింది. ముప్పై ఆరో రాయి దగ్గర ఆయన వేగం నడక కన్నా తక్కువైంది, కాని అది పరుగే. నేను సైకిలు దిగి నడిపించుకుంటూ వచ్చాను. ఏడ్చాను కూడా. ఆయన చూసి, "నీకేమైంది, సైకిలు అన్‌ఫీటా?" అన్నాడు.

భువనగిరి కోటగుట్ట కనబడింది. పొద్దు పడమటికి బాగా వాలింది. నలభై రెండో రాయిని అరచేత్తో తట్టి, ఆఖరి చింతగింజను ఎడమ మడతలో వేసుకోకుండా ఆ రాయి నెత్తిన పెట్టాడు. కూర్చోలేదు. కాళ్ళు మార్చుకుంటూ, "రాయి సారూ" అన్నాడు.

"అవును అన్నా. రాయి. నలభై రెండో రాయి."

"గా రాయి గాదు. కాయితం మీద రాయి. తెలుగుల రాయి. రాసి చదువు."

నా జేబులో పోస్టుకార్డులు ఎప్పుడూ ఉండేవి. ఆ మైలురాయి మీదనే కార్డు పెట్టి, ఈయన నల్లగొండ నుంచి ఇక్కడికి నలభై రెండు మైళ్ళు ఆగకుండా పరిగెత్తాడు, నేను కళ్ళారా చూశాను, ఇంతకుముందు నేను రాసిన మాట ఇప్పుడు నిజం కాదు అని రాసి, చదివి వినిపించి సంతకం పెట్టాను. భువనగిరిలో ఎర్రడబ్బాలో ఆయనే వేశాడు. నా కిరాయి సైకిలును పైన వేసుకున్న తిరుగు బస్సులో సీటు ఖాళీగా ఉన్నా చిట్యాల దాకా నిలబడే వచ్చాడు.

నెలకు జవాబు వచ్చింది. ఈసారి ఒక్క మాట దాచకుండా తెలుగులో చెప్పాను. పాత రిపోర్టు ప్రకారం ఈయన అన్‌ఫిట్. పరుగు పూర్తి చేసినట్టు ధ్రువపత్రం లేదు. కాబట్టి మార్పు లేదు.

ఆయన కాసేపు కాళ్ళు మార్చుకున్నాడు. తర్వాత పెద్దగా నవ్వాడు. "గది రాసినాయనను చిట్యాల కెల్లి గీడిదాక ఉరికి రమ్మను సారూ. ఎనిమిదే రాళ్ళు. నడిమిట్ల ఆగకుంట వచ్చిండంటె, నేను అన్‌ఫీటని నేనే వేలు ముద్ర ఏస్త. రాయి."

"రాస్తాలే" అన్నాను. రాయలేదు. పై ఆఫీసు వాళ్ళకు అట్లా రాస్తే నా పని ఉంటుందా? భయపడ్డాను.

ఆ తర్వాత ఎన్నేళ్ళో, బడి ముందునుంచి గొర్లను తోలుకుపోతూ ఆగకుండానే అడిగేవాడు. "సారూ, గాయన బయలెల్లిండా?"

"ఇంకా లేదు అన్నా."

"అన్‌ఫీటు మనిషి" అని నవ్వుకుంటూ పోయేవాడు. ప్రతి మాఘంలోనూ చింతగింజలు మూటగట్టుకుని నల్లగొండ పోయి, ఒక్కడే ఆ నలభై రెండు రాళ్ళు తట్టి వచ్చేవాడు. రోడ్డు వాళ్ళు కిలోమీటరు రాళ్ళు పాతిన ఏడాది మాత్రం కొత్తవాటిని వదిలేసి, పాత రాళ్ళు పీకిన గుంతలు చూసుకుంటూ ఉరికాడు.

పోయిన ఎండాకాలం జ్వరంతో పడుకున్నాడని విని చూడటానికి వెళ్ళాను. మంచం మీద కూడా పాదాలు కదులుతూనే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టి, "బయలెల్లిండా?" అన్నాడు.

"ఇంకా లేదు అన్నా."

"నువ్వు రాస్తె గద" అన్నాడు, కళ్ళు మూసుకుని నవ్వుతూ.

అన్నేళ్ళూ ఆయనకు తెలుసు. తెలిసి కూడా నన్ను అడుగుతూ వచ్చాడు.

చిట్యాల హోటలు పెరట్లో ఆ రాయిని చూసినప్పుడు నాకు వినిపించింది ఆ మాటే. రాయి. ఇప్పుడు తపాలా పని వదిలేశాను, భయపడటానికి సాకు కూడా లేదు. అందుకని రాస్తున్నాను.

అయ్యా, ఆ జవాబు రాసినవారూ, మీరెక్కడున్నా సరే. చిట్యాల నుంచి మా ఊరికి ఎనిమిది రాళ్ళు, పాత లెక్కన. నడిమిట్ల ఆగకుండా ఉరికి రండి.